మూడు వందల చల్లగాలి

"తొమ్మిది వందలు అడిగిండు మేడమ్. ఏసీ మిషిను బాగు చేసెటందుకు తొమ్మిది వందలు. గంతకంటె తుపాకి పట్టుకొని వస్తె నయముండె."

శ్రీపతి ఈ మాట అనడం ఇది మూడోసారి. మూడుసార్లూ చివర ఒకటే నవ్వు. మొదటిసారి బెత్సీకి ఒళ్ళు మండింది. రెండోసారి పళ్ళు బిగపట్టింది. మూడోసారి చేతికున్న వాచీ చూసుకుంది. ఏడు వారాల కిందట పెళ్ళికి రూఫస్ కొనిపెట్టిన వాచీ అది. టైముతో పని లేకపోయినా చూసుకుంటుంది, చూసుకున్నప్పుడల్లా లోపల ఏదో గంతులేస్తుంది. ఇవాళ అదీ పని చేయలేదు.

"తొమ్మిది వందలు అడిగినందుకు మనిషిని లాకప్పులో పెట్టరండీ," అంది.

"గందుకు కాదు మేడమ్. మా అన్నకు ఇషం పెట్టినందుకు."

అన్న వామన్‌రావు. అబిడ్స్‌లో బట్టల దుకాణం, నాంపల్లిలో ఈ మేడ, మేడలో ఒక్క గదికి ఏసీ మిషన్. మంగళవారం రాత్రి ఆ గదిలోనే తలుపు వేసుకుని పడుకున్నాడు. తెల్లవారుతుండగా తూలుకుంటూ బయటికొచ్చి, ముద్దముద్దగా ఏవో మాటలు మాట్లాడి, వరండాలో కూలిపోయాడు. దవాఖానకు చేర్చేసరికి ప్రాణం లేదు. విషమే అన్నారు డాక్టర్లు. ఏ విషమో మాత్రం తేల్చలేదు. గురువారం నాంపల్లి ఇన్‌స్పెక్టర్ సదాశివ వచ్చి మెకానిక్ వెంకటేశాన్ని పట్టుకుపోయాడు. రేపు శనివారం పొద్దున కోర్టులో హంతకుడని నిలబెడతాడు.

వెంకటేశం భార్య పూలమ్మ నిన్న సాయంత్రం అబిడ్స్‌లో బెత్సీ ఆఫీసు మెట్లెక్కి వచ్చి, మాట రాక, గోడకున్న బోర్డు వైపు వేలు చూపించి ఏడ్చింది. 'శ్రీమతి బెత్సీ రూఫస్, ప్రైవేట్ డిటెక్టివ్' అని పెళ్ళయ్యాక పేరు మార్చి ఈ మధ్యే రాయించిన ఆ బోర్డు మీద రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. కిందటేడు దాకా బెత్సీ కోఠీ ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు. వెంకటేశం ఉరి తప్పించుకుంటాడా లేదా అన్నది ఇప్పుడు ఆ తడి బోర్డు మీద ఆధారపడి ఉంది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు భయం వేయాల్సింది పోయి కోపం వస్తోంది.

"వెంకటేశం ఎందుకు పెట్టిండంటరు ఇషం?" అని అడిగింది.

"నేను వాన్ని దొంగ అన్న. నలుగురి ముందట అన్న. తొమ్మిది వందలు అడిగినోన్ని దొర అంటరా? మెట్లు దిగిపో అన్న. కడుపుల పెట్టుకున్నడు."

"తరవాత ఇంకొకాయన్ని పిలిపించారు."

"పిలిపించిన. మూడు వందలకు చల్లగ చేసిచ్చిండు. గిది కదా రేటంటె."

"మూడు వందలకు ఏమేం చేసిండు?"

"మిషిను ఇప్పిండు, కారుతున్న కాడ అతుకేసిండు, గ్యాసు నింపిండు. ఇంకేముంటది అండ్ల."

"గ్యాసు నింపిండు."

"ఔ. గ్యాసు లేకుంట మిషిను ఎట్ల నడుస్తది?"

వెనక కుర్చీలో కూర్చున్న రూఫస్ చిన్నగా దగ్గాడు. అతను మిషనరీ స్కూల్లో లెక్కల మాస్టారు. ఎండాకాలం సెలవులు కనక భార్యకు స్కూటరు నడుపుతున్నాడు. పొద్దున పోస్టాఫీసు నుంచి బెత్సీ నాలుగు దుకాణాలకు ఫోన్ చేస్తుంటే పక్కన నిలబడి చిల్లర అందించింది కూడా అతనే. ఏసీ మిషన్లలో నింపే ఫ్రియాన్ గ్యాసు ఓడ మీద రావాలి. దిగుమతి లైసెన్సులు ఆగిపోయి రెండు నెలలుగా రావడం లేదు. మూడు దుకాణాల వాళ్ళు లేదన్నారు. ఉందన్న ఒక్కడూ, ఈ మిషన్‌కు పట్టే గ్యాసుకే ఐదు వందలు చెప్పాడు, అదీ ఇష్టం లేనట్టు. దాని మీద వెండి కలిపిన అతుకు, బరువైన మిషన్‌ని గోడలోంచి దించి మళ్ళీ ఎక్కించే మనుషుల కూలి, ఏడాది లోపల చెడితే ఊరికే వచ్చి చూసే పూచీ. కూడుకుంటూ పోతే వెంకటేశం తనకని అడిగింది పెద్దగా ఏమీ లేదు.

"శ్రీపతిగారూ, తొమ్మిది వందలు ఎందుకయిందో నాకు అర్థమయింది," అంది బెత్సీ. "మూడు వందలు ఎట్లయిందో అర్థం కావట్లేదు."

శ్రీపతి ముఖం మీద నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు కదలడం మానేశాయి.

"ఆయన పేరేంది, మూడు వందల మెకానిక్కు?"

"ఎవడో కోఠీ దిక్కోడు. యాదికి లేదు."

"తొమ్మిది వందలోడి పేరు, ఇల్లు, పెండ్లాం పేరు కూడా చెప్పిన్రు పోలీసులకు. మూడు వందలోడి పేరు యాదికి లేదా?"

"దొంగ పేరు యాదికుంటది మేడమ్," అన్నాడు శ్రీపతి, లేచి నిలబడుతూ. "మంచోన్ని ఎవరు యాదికి పెట్టుకుంటరు?"

గది చూపించమంది బెత్సీ. చూపించడానికి శ్రీపతి రాలేదు. లోపలి గుమ్మం దగ్గర అంతసేపూ నిలబడి వింటున్న ప్రభావతి వచ్చింది. చనిపోయిన వామన్‌రావు భార్య. ఆ రాత్రి ఆమె ఇంట్లో లేదు, కాచిగూడలో చెల్లెలింట్లో ఉంది; మరిది శ్రీపతి మిద్దెమీద పడుకున్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయిన మనిషి, గది తలుపు తీసి తాను మాత్రం బయటే ఆగిపోయింది.

"మీ ఆయనకు ఈ మధ్య ఒంట్లో ఎట్లుండె అమ్మా?" అని మెల్లగా అడిగింది బెత్సీ.

"తలకాయ నొస్తుందనెటోడు. పొద్దుగాల లేస్తె కండ్లు రెండు రెండు కనపడుతున్నయి అన్నడు. దుకాణంల తూలిండంట ఒకనాడు. తాగి వచ్చిండని ఎనకాల నవ్విన్రంట. జన్మల ముట్టని మనిషి." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గప్పుడు నేను గూడ అడిగిన, ఎవరన్న తాపిస్తున్నరా అని. గట్ల అడిగిన నేను."

"ఇదంతా మిషన్ బాగయినంకనా, ముందా?"

ప్రభావతి తల ఎత్తి చూసింది. ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదని ఆ చూపులోనే తెలిసింది.

"బాగయినంకనే."

గదిలో మంచం, బీరువా, బల్ల. నీళ్ళ కూజా లేదు, పోలీసులు పట్టుకుపోయారు. కిటికీలో ఏసీ మిషన్. బెత్సీ ముందు మిషన్ వైపు చూడలేదు, గోడ పైకి చూసింది. గాలి కోసం కట్టిన రెండు జాలీ రంధ్రాలకూ లోపలివైపు నుంచి కాగితాలు అతికించి ఉన్నాయి. కుర్చీ వేసుకుని ఎక్కి గోటితో గీకింది. మైదా పిండి జిగురు. ఇంకా తెల్లగానే ఉంది, పురుగు పట్టలేదు.

"ఇవి ఎవరు మూసిన్రు?"

"మరిది. చల్లగాలి బయటికి పోతున్నదని."

బెత్సీ కుర్చీ దిగింది. తలుపు బార్లా తీయించింది, రెండో కిటికీ రెక్కలు తోసింది, జాలీల మీది కాగితాలు చింపేసింది. అప్పుడు మిషన్ ముందు మూత ఊడదీసింది. లోపల చల్లబరిచే రాగి గొట్టం మెలికలు తిరిగి ఉంది. కుడివైపు ఒక మెలిక దగ్గర అతుకు. వెండి కలిపిన అతుకైతే పసుపుగా, గట్టిగా ఉంటుంది. ఇది బూడిద రంగులో, చెవిలో గుబిలిలా మెత్తగా ఉంది. తగరం. రేడియోల్లో తీగలు అతికే తగరం. మిషన్ అదురుకు అది ఎన్నాళ్ళుంటుంది? ఆమెకు చెంపలు వేడెక్కాయి. ఇంత పెద్ద మిషన్‌కి ఇంత నీచమైన అతుకు వేసిన చెయ్యి ఎవరిదో చూడాలనిపించింది.

"కాసేపు మిషన్ ఆన్ చేయండి," అంది రూఫస్‌తో. "గ్యాసంతా పోయినా కంప్రెసర్ నూనెలో కొంచెం కరిగి మిగిలి ఉంటుంది. వేడెక్కితే బయటికొస్తుంది."

మిషన్ గరగరలాడుతూ నడిచింది. ఆపాక ఆమె సంచిలోంచి సబ్బుముక్క, కప్పు, గడ్డం గీసుకునే బ్రష్ తీసింది.

"అది నా బ్రష్," అన్నాడు రూఫస్.

"తెలుసు."

"పెళ్ళికి ముందు కొన్నది."

"ఇప్పుడు ఇద్దరిదీ."

కోపం కట్టలు తెంచుకుంటున్న వేళ కూడా ఆ 'ఇద్దరిదీ' అన్న మాట నోట్లో బెల్లంముక్కలా కరిగింది. నురగ కలిపి అతుకు మీద రాసింది. ఇద్దరూ ముఖాలు దగ్గరపెట్టి చూస్తూ కూర్చున్నారు. నురగలోంచి ఆవగింజంత బుడగ పుట్టింది. అది శనగగింజంత అయింది.

"ఏవమ్మా, పెళ్ళయిన కొత్తలో మొగుడికి గడ్డం గీసే వాళ్ళని చూశాను గానీ గోడకి గీసే వాళ్ళని చూళ్ళేదు."

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ సదాశివ. గుంటూరు జిల్లా మనిషి, రాష్ట్రం కలిసిన ఏడే హైదరాబాదుకు బదిలీ అయి వచ్చాడు. ఎనిమిదేళ్ళుగా ఈ ఊరు తనకు అర్థమైపోయిందనే నమ్మకంతో ఉన్నాడు. కిందటి నెల బెత్సీ పట్టిచ్చిన నగల దొంగను పేపరువాళ్ళకు తానే పట్టినట్టు చూపించుకున్నది కూడా ఈయనే.

"బాగున్నారా ఇన్‌స్పెక్టరుగారూ. ఒక్క నిమిషం, అగ్గిపెట్టె ఉందా?"

"సిగరెట్టు కూడానా?"

సదాశివ ఇచ్చిన పెట్టెలోంచి రూఫస్ పుల్ల గీసి ఇచ్చాడు. బెత్సీ ఆ పుల్లను బుడగకు తాకించింది. టప్పున చిన్న మంట. మధ్యలో పసుపు, అంచు చుట్టూ లేత ఆకుపచ్చ. రెప్పపాటులో ఆరిపోయింది. ఎంత ముచ్చటైన రంగో అనుకుంది బెత్సీ, మరుక్షణం ఆ రంగుతోనే ఒక మనిషి చచ్చిపోయాడని తలచుకుని పుల్ల విరిచేసింది.

"ఫ్రియాన్ అంటుకోదు," అంది లేచి. "పుల్ల పెడితే పుల్లే ఆరిపోతుంది. ఇది మండింది, ఆకుపచ్చగా మండింది. మిథైల్ క్లోరైడు. పాత ఐసు ఫ్యాక్టరీల్లో వాడేవాళ్ళు. తియ్యటి వాసనేస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. కొంచెం కొంచెం పీలిస్తే తలనొప్పి, చూపు చెదరడం, తూలడం. మూసిన గదిలో ఒక్కసారిగా కారితే తెల్లారేసరికి చావు. మీరు కూజాలో వెతుకుతున్న విషం గోడలో ఉంది."

సదాశివ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. ఆయన బుర్ర లేనివాడు కాదు. అందుకే ఆయనంటే బెత్సీకి మరీ ఒళ్ళు మండుతుంది.

"సరే. గ్యాసే అనుకుందాం. మిషన్లో గ్యాసు నింపేదెవరు? వంటవాడా? మెకానిక్కు. నీ వెంకటేశం మెకానిక్కు. కూజాలో కలపలేదు, మిషన్లో కలిపాడు. నా కేసు నువ్వే గట్టి చేశావమ్మా."

"గ్యాసు నింపింది వేరే మెకానిక్కు."

"అతను మంచి గ్యాసే నింపి ఉంటాడు. మంగళవారం వెంకటేశం వచ్చి మార్చేశాడు. నేను ఊహించి చెప్పడం లేదు, వాడే ఒప్పుకున్నాడు. ఈ ఇంటికి ఎప్పుడు వెళ్ళావురా అని గురువారం అడిగాను. మంగళవారం అన్నాడు."

"మంగళవారం అన్నాడా? అదే మాట?"

"అదే అర్థం."

"అర్థం కాదు ఇన్‌స్పెక్టరుగారూ, మాట చెప్పండి. నోటితో ఏమన్నాడు?"

"పర్సోం పోయిన సాబ్, అన్నాడు. గురువారం నాడు పర్సోం అంటే ఏమిటి? మొన్న. మంగళవారం. నేను హిందీ పరీక్షలు మూడు పాసయినవాణ్ణి. నాకు నేర్పకు."

బెత్సీ ఆయన వంక అలా చూస్తూ నిలబడిపోయింది. ముందు నవ్వు రాబోయింది. తరవాత, లాకప్పులో గోడకానుకుని కూర్చున్న మనిషి కళ్ళముందు మెదిలాడు. ఒక్క మాటకి. పరీక్షల్లో మార్కులొచ్చిన ఒక్క మాటకి ఉరితాడు పేనుతున్నాడీయన.

ఆమె గుమ్మం వైపు తిరిగింది. "ప్రభావతమ్మగారూ, ఈ మిషన్ ఎప్పుడు కొన్నరమ్మా?"

కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ప్రభావతి, "పర్సోం కొన్నం బిడ్డా," అంది.

"పర్సోం అంటే?"

"గదే, మా పెద్దపిల్ల పెండ్లప్పుడు. నాలుగేండ్లయితుంది."

రూఫస్ కిటికీలోంచి బయటికి చూస్తూ భుజాలు అదరకుండా ఆపుకోడానికి కష్టపడుతున్నాడు.

"విన్నారా?" అంది బెత్సీ. "మీ పుస్తకంలో పర్సోం అంటే మొన్న. ఈ ఊళ్ళో పర్సోం అంటే అయిపోయిన ఏ రోజైనా. వెంకటేశం వచ్చింది మూడు వారాల కిందట, ధర చెప్పడానికి. దొంగ అనిపించుకుని వెళ్ళాడు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు. మీరు ఎనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో సాక్ష్యాలు రాసుకుంటున్నారు. ఎంతమంది చెప్పిన పర్సోంలు మీకు మొన్నలయ్యాయో నాకు తలచుకుంటేనే భయంగా ఉంది."

"నోరు జాగ్రత్త."

"జాగ్రత్తగానే ఉంది. రేపు కోర్టులో ప్లీడరు ఇదే ప్రశ్న అడుగుతాడు. జడ్జిగారిది పాతబస్తీ అయితే అక్కడే నవ్వుతారు."

సదాశివ ముఖం కందగడ్డయింది. టోపీ పెట్టుకుని విసురుగా హాల్లోకి నడిచాడు. మరుక్షణం అక్కడ ఫోను తీసి అరవడం వినిపించింది. "వెంకటేశాన్ని వదిలెయ్యండి. ఇప్పుడే. కారణం నీకెందుకు, వదిలెయ్యమంటే వదిలెయ్. రేపు పిలిస్తే రమ్మని చెప్పు, అంతే."

బెత్సీకి కాళ్ళు నేలమీద ఆనలేదు. రూఫస్ చెయ్యి దొరకబుచ్చుకుని గట్టిగా నొక్కింది, అతను అబ్బా అనేంత గట్టిగా. హాల్లో శ్రీపతి గొంతు, "పాయె, మంచిదే అయింది, పాపం గరీబోడు," అంటోంది. తరవాత కింద కారు స్టార్టయిన చప్పుడు. ఆ రెండూ ఆమె చెవిన పడ్డాయి. గెలిచిన సంతోషంలో మనసులో పడలేదు.

సదాశివ కూడా జీపులో వెళ్ళిపోయాక ప్రభావతి దగ్గరగా వచ్చింది.

"మా మరిది యాదికి లేదన్నడు గద. నాకు యాదికున్నది. ప్రహ్లాద్ అని, అబిడ్స్ పోస్టాఫీసు ఎనక గల్లీల దుకాణం. పని చేస్తున్నంతసేపు మరిది పక్కనే కూసున్నడు. ఎన్నడు లేంది, నన్ను గదిలకు రానియ్యలె."

ప్రహ్లాద్ దుకాణంలో విప్పిపెట్టిన ఫ్రిజ్‌లు, ఫ్యాన్లు, చుట్టలు చుట్టిన రాగి గొట్టం. నలభై ఏళ్ళ మనిషి, చేతికి నూనె మరకలు. బెత్సీ ఎవరో తెలుసుకోగానే గిరాకీ వచ్చినప్పటి ముఖం తీసేసి ఇంకో ముఖం పెట్టుకున్నాడు.

"చవకగ చేసిన. చవకగ చేసుడు తప్పా అమ్మా?"

"తగరంతో అతుకు వేసినవు."

"ఆయన ఇచ్చిన పైసలకు గదే వస్తది."

"గ్యాసు?"

"గ్యాసు నింపిన."

"ఏ గ్యాసు? పట్నం మొత్తం మీద ఫ్రియాన్ ఒక్క దుకాణంలో ఉంది. ఇప్పుడే ఫోన్ చేసి ఆ దుకాణంలో నీ పేరు అడిగితే ఉద్దెర బాకీ కట్టక ఏడాదయిందన్నడు."

ప్రహ్లాద్ చేతిలో స్పానర్ బల్ల మీద పెట్టాడు. మళ్ళీ తీశాడు. "సిలిండర్ శ్రీపతి సాబే తెచ్చిండు. గ్యాసు నాది, కూలి నీది, మూడు వందలు తీస్కో అన్నడు. నాకేం నష్టం?"

"ఎక్కడినుంచి తెచ్చిండు?"

"ఆయన దోస్తుది ఐసు ఫ్యాక్టరీ ఉన్నది, నాంపల్లి రైలు టేషన్ ఎనక. మూతపడి రెండేండ్లయింది. గాడ పాత సిలిండర్లు పడున్నయి."

ఐసు ఫ్యాక్టరీ అని బెత్సీ గదిలో ఊహించి అన్న మాటే ఇది. నిజమయినందుకు సంతోషం వేయలేదు. "అందులో ఉన్నది విషమని నీకు తెలుసా?"

"నాకేం తెలుసమ్మా. గ్యాసంటె గ్యాసు."

"ప్రహ్లాద్, నీ అతుకు మీద బుడగ అంటించి చూసి వచ్చిన నేను. వామన్‌రావు చచ్చిపోయిండు. ఆయన పెండ్లాం, మొగడు తాగిండని తిట్టుకున్నందుకు తల కొట్టుకుంటున్నది. తెలుసా, తెల్వదా?"

ఆమె గొంతు పెంచలేదు. రూఫస్‌కి మాత్రం ఆ గొంతు కొత్త. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

ప్రహ్లాద్ స్టూలు మీద కూలబడ్డాడు. "సిలిండర్ తెచ్చిననాడు వెంకటేశం గీడనే ఉండె. మేమిద్దరం ఒక ఉస్తాద్ కాడ పని నేర్చినం, సామాన్ల కోసం వస్తుంటడు. సిలిండర్ చూసి మండిపడ్డడు. శ్రీపతి సాబ్ తోని మొఖం మీదనే అన్నడు. గిది పడకగదిల పెట్టేది కాదు సాబ్, తలుపులు మూసిన గదిల కారితె తెల్లారెవరకు మనిషి సస్తడు అన్నడు. నేను పోయి వామన్‌రావు సాబ్‌కు చెప్త అన్నడు."

"శ్రీపతి ఏమన్నడు?"

"నవ్విండు. ఔనా, గంత ఖతర్నాకా, నాకు తెల్వకపాయె, వాపస్ తీస్కపోత అన్నడు. వెంకటేశం నమ్మి ఎళ్ళిపోయిండు. అప్పుడు సాబ్ నా దిక్కు తిరిగి, ఏం చూస్తున్నవు, ఇంటికి తెచ్చి నింపు అన్నడు."

"నువ్వు నింపినవు."

ప్రహ్లాద్ నేల వంక చూశాడు. "దుకాణం కిరాయి మూడు నెలలది బాకీ ఉన్నదమ్మా."

బెత్సీకి అతణ్ణి చెంప మీద కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ గ్యాసు చంపుతుందని తెలిసిన ఇద్దరు మెకానిక్కుల్లో వెంకటేశం మోసపోయాడు, ప్రహ్లాద్ అమ్ముడుపోయాడు. నిజమైన ధర చెప్పి, నిజమైన ప్రమాదం చెప్పినవాడు దొంగయ్యాడు. చవక కోసం చేసిన పొరపాటు కాదిది. శ్రీపతికి ఆ గ్యాసు ఏం చేస్తుందో తెలుసు. తెలిసే తెచ్చాడు, తెలిసే గాలి జాలీలు మూశాడు, తెలిసే వదిన ఇంట్లో లేని రాత్రి మిద్దెమీద పడుకున్నాడు. అందుకే పోలీసులకు వెంకటేశం పేరు చెప్పాడు. తెలుసని చెప్పగల సాక్షి మెడకే తాడు తగిలిస్తే ఇక ఆ సాక్ష్యం ఎవరు వింటారు?

ఆ ఆలోచన అక్కడ ఆగలేదు. తాడు ఇప్పుడు తెగింది. తెంపింది తానే. వెంకటేశాన్ని వదిలెయ్యమని సదాశివ ఫోనులో అరిచిన అరుపు హాల్లో ఉన్న శ్రీపతి విన్నాడు. ఆ తరవాతే అతని కారు కదిలింది.

"పదండి," అంది రూఫస్‌తో. "పోలీస్ స్టేషన్‌కి. వేగంగా."

"ఏమయింది?"

"నేనే విడిపించాను. నా నోటితో నేనే."

స్కూటరు అబిడ్స్ జనంలోంచి హారను మోగిస్తూ నాంపల్లి దారి పట్టింది. అతని వీపుని ఆనుకుని కూర్చుంటే మామూలు రోజుల్లో నగరమంతా తన కోసమే పూసినట్టుంటుంది బెత్సీకి. ఇవాళ అతని చొక్కా పిడికిట్లో నలిగిపోతోంది.

స్టేషన్ అరుగు మీద పూలమ్మ కూర్చుని ఉంది. పక్కన మూట విప్పి, మొగుడికి తెచ్చిన అన్నం డ్యూటీలో ఉన్న ముసలి జవానుకు పెడుతోంది. ఆమె ముఖంలో నవ్వు చూడడం బెత్సీకి ఇదే మొదటిసారి. స్కూటరు దిగకముందే ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"ఇడిచిపెట్టిన్రమ్మా. నువ్వే చెప్పినవంట గద. నీ కడుపు చల్లగుండ."

"ఎక్కడున్నడు పూలమ్మా? ఇంటికి పోయిండా?"

"ఇంటికెందుకు పోతడు? పని దొరికింది." పూలమ్మ కళ్ళలో గర్వం. "శ్రీపతి సాబు కార్ల వచ్చిండమ్మా. గంత పెద్దమనిషి, మా ఆయన ముందట చేతులు జోడిచ్చిండు. నిన్ను దొంగ అనుడు తప్పయింది అన్నడు. మిషిను ఒకటి బాగు చేసెడిదున్నది, నీ చెయ్యే పడాలె, నువ్వెంత చెప్తె గంత, నేను బేరం చెయ్యనే చెయ్య అన్నడు. మా ఆయన ఏడ్చిండు. నేను గూడ వస్త అంటె, గాడ సల్లగుంటది, ఆడోళ్ళెందుకు అని పక్క సీట్ల మా ఆయనొక్కన్నే కూసోబెట్టుకున్నడు."

"ఎక్కడికి?"

"గిక్కడనే అమ్మా," అని పూలమ్మ రైల్వే స్టేషన్ వైపు చెయ్యి చూపించింది. "మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీకి."